నక్షత్రాల మధ్య దుమ్ములో బ్యాక్టీరియా ఉందా? మన బెలూన్ ఏం తేల్చింది?

మౌలాలి_కుర్రాడు:
నౌబత్ పహాడ్ ప్లానెటేరియంలో షో చూసి వస్తుంటే ఫ్రెండ్స్ మధ్య మొదలైన గొడవ ఇది. నక్షత్రాల మధ్య గ్యాస్‌లో, దుమ్ములో కార్బన్ అణువులు బోలెడున్నాయని అందరూ ఒప్పుకుంటారు. అదే దుమ్ములో చాలా భాగం ఎండిపోయిన బ్యాక్టీరియా అని ఖగోళ శాస్త్రవేత్తలు ఫ్రెడ్ హోయెల్, చంద్ర విక్రమసింఘే అంటే మాత్రం నవ్వుతారు. ఎందుకు? 2005 ఏప్రిల్‌లో ఇస్రో వాళ్ళు మన హైదరాబాద్ నుంచే బెలూన్ ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చారు. అందులో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి హోయెల్ పేరే పెట్టారు. ఇంకేం కావాలి?

కెమిస్ట్రీ_మేడం:
బాబూ, ముందు అక్కడ ఏముందో లెక్క చూడు. బరువులో సుమారు 70 శాతం హైడ్రోజన్, 28 శాతం హీలియం. మిగతా మూలకాలన్నీ కలిపినా రెండు శాతానికి మించవు. దుమ్ము మొత్తం బరువులో ఒక శాతం మాత్రమే. సిలికాన్, ఇనుము లాంటివి గ్యాస్‌లో ఉండాల్సినంత కనిపించవు, ఎక్కువ భాగం ఆ దుమ్ములోకే చేరిపోయాయి.

ఇక అసలు చిక్కు ఫాస్ఫరస్‌తో. డీఎన్‌ఏకి, కణం పొరకి అది తప్పనిసరి. బ్యాక్టీరియాలో వంద కార్బన్ పరమాణువులకి కనీసం ఒక ఫాస్ఫరస్ ఉంటుంది. విశ్వంలో మన చుట్టుపక్కల చూస్తే దాదాపు వెయ్యి కార్బన్‌లకి ఒకటే. ఉన్న ఫాస్ఫరస్ అంతా బ్యాక్టీరియాకే ఇచ్చేసినా, కార్బన్‌లో పదో వంతుకి మించి వాటి ఒంట్లోకి పోదు. మరి మిగతా దుమ్ము ఏంటి? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకెళ్ళలేం.

రాత్రిచూపు:
మేడం, లెక్క బాగుంది. కానీ వాళ్ళు ఊరికే అనలేదు కదా. మన గెలాక్సీ కేంద్రం వైపు ఉన్న ఒక నక్షత్రం కాంతిలో, 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించే శోషణ (దారిలో దుమ్ము కాంతిని మింగేయడం), ల్యాబ్‌లో ఎండబెట్టిన ఈ.కోలై బ్యాక్టీరియా వక్రరేఖతో కలిసిపోయింది. అది వట్టిదేనా?

కెమిస్ట్రీ_మేడం:
వట్టిది కాదు, కానీ అది బ్యాక్టీరియాకే ప్రత్యేకం కాదు. 3.4 మైక్రాన్ల దగ్గర పట్టుబడేది కార్బన్-హైడ్రోజన్ బంధం సాగే కదలిక. కొవ్వొత్తి మైనంలోనూ అదే ఉంటుంది. ఒక్క గీత కలిసిందని ప్రాణి దొరికినట్టు కాదు.

పోలిక అంటే ఎలా ఉండాలో చెప్తా. నక్షత్రాల కాంతిని రంగులుగా విడదీస్తే 1920ల నుంచి తెలిసిన అంతుచిక్కని నల్ల గీతలు కనిపిస్తాయి, ఇప్పుడు లెక్క 500 దాటింది. వాటిలో రెండింటిని 2015లో సీ60 అయాన్‌కి కట్టారు. అంటే 60 కార్బన్‌లతో ఫుట్‌బాల్‌లా ఉండే అణువు, ఒక ఎలక్ట్రాన్ పోయిన రూపం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జాన్ మయర్ బృందం ఆ అయాన్‌ని బాగా చల్లబరిచి, తరంగదైర్ఘ్యం కొలిచి సరిచూసింది. మిగతా వందల గీతల సంగతి ఇంకా తేలలేదు. అలాంటి చోట ఎవరైనా తమకు నచ్చింది పూరించుకోవచ్చు, అదే నాకు చిరాకు.

తార్నాక_ల్యాబ్:
బెలూన్ మాట నేను చెప్తా. నమూనాలు పరిశీలించింది హైదరాబాద్‌లోని మన సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్, రెండూ జీవకణాల మీద పనిచేసే పరిశోధన సంస్థలు. తెచ్చిన జాగ్రత్త మెచ్చుకోవాల్సిందే: గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి గాలిని గడ్డకట్టించారు. 2009లో ఫలితం ప్రకటిస్తూ, ఇవి భూమికి బయటివేనని తేల్చలేమని ఇస్రోనే చెప్పింది. అంతకంటే గట్టిగా మనమెందుకు అనాలి? ఆ మూడింటిలో ఆర్యభట్ట పేరు పెట్టిన జాతిని తర్వాత మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర కూడా పట్టుకున్నారు. 41 కిలోమీటర్లు అంటే ఇంకా మన వాతావరణమే అన్నా, నక్షత్రాల మధ్య కాదు.

మౌలాలి_కుర్రాడు:
సరే, ఫాస్ఫరస్ దగ్గర నాకు మాట లేదు. మరి 67పీ తోకచుక్కలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం దొరికింది కదా?

కెమిస్ట్రీ_మేడం:
దొరికింది, ఆ తోకచుక్క దగ్గరికి వెళ్ళిన రోసెట్టా అంతరిక్ష నౌకకి. అది ప్రాణం ఇటుకల్లో ఒకటి, ప్రాణం కాదు. నక్షత్రాల మధ్య గ్యాస్‌లో కూడా గ్లైసిన్ కనబడిందని 2003లో ప్రకటించారు. 2005లో ఇంకో బృందం గీతలన్నీ సరిచూసి, ఉండాల్సినవి కొన్ని లేవని ఆ మాట కొట్టేసింది. బెలూన్ విషయంలోనూ నేను అడిగేది ఆ రకం తనిఖీనే.