రెఫరెండం గెలిపించిన నాయకుడి భవిష్యత్తు ఏమిటి? (బ్రెగ్జిట్ అనుభవం)

అడిగినవారు: గోదావరి గట్టు

నమస్కారం. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలన్న పక్షం 51.9 శాతం ఓట్లతో గెలిచింది. మర్నాడు ఉదయమే ప్రధాని డేవిడ్ కామెరాన్ రాజీనామా ప్రకటించారు. ఊరూరా తిరిగి ఆ ప్రచారాన్ని నడిపించిన బోరిస్ జాన్సన్ ఇక ప్రధాని కావడమే తరువాయి అని అందరూ అనుకుంటుండగా, ఫలితం వచ్చి వారం తిరగకముందే ఆయన పాలక కన్జర్వేటివ్ పార్టీ నాయకత్వ పోటీ నుంచి తప్పుకున్నారు. వైదొలగాలనే ప్రచారం చేసిన నైజెల్ ఫరాజ్ జులై 4న తన పార్టీ అయిన యూకిప్ నాయకత్వం వదిలేశారు. చివరకు యూనియన్‌లోనే కొనసాగాలని చెప్పిన థెరెసా మే ప్రధాని పీఠం ఎక్కారు. గెలిచినవారు పక్కకు తొలగి, ఓడిన పక్షంవారికి అధికారం దక్కడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడడం లేదు. ఇది ఆ వ్యక్తుల బలహీనతా, లేక రెఫరెండం అనే పద్ధతిలోనే ఉన్న చిక్కా? వివరంగా తెలిసినవారు చెప్పగలరు.

పాత సంపుటాలు:

గోదావరి గట్టు గారూ, రెండూ ఉన్నాయి గానీ, నా దృష్టిలో పద్ధతిలోని చిక్కే పెద్దది. ఎన్నికల్లో గెలిచిన పార్టీకి ఎమ్మెల్యేలో ఎంపీలో ఉంటారు, మేనిఫెస్టో ఉంటుంది. రెఫరెండం గెలిచిన ప్రచార బృందానికి ఆ రెండూ ఉండవు. అధికారిక ప్రచార సంస్థ ‘వోట్ లీవ్’లో కన్జర్వేటివ్ నాయకులతో పాటు లేబర్ ఎంపీ గిసెలా స్టువర్ట్ కూడా ఉన్నారు, ఆమె అధ్యక్షురాలి హోదాలోనే పనిచేశారు. వారందరినీ కలిపి ఉంచింది ‘బయటకు రావాలి’ అన్న ఒక్క మాటే. ఉమ్మడి మార్కెట్‌లో ఉండాలా, ఉత్తర ఐర్లండ్ సరిహద్దును ఏం చేయాలి అన్న ప్రశ్నలకు వారి దగ్గర ఒకే సమాధానం లేదు, అందుకే ఓట్ల లెక్కింపు ముగిసిన మరుక్షణం నుంచి వారి ఐక్యతకు ఆధారం లేకుండా పోయింది.

జూన్ 30 నాటి సంగతి చూడండి. నాయకత్వ పోటీకి నామినేషన్ల గడువు ఆ మధ్యాహ్నంతో ముగుస్తుంది. ఉదయాన్నే మైకేల్ గోవ్, అప్పటిదాకా జాన్సన్‌కు కుడిభుజంగా ఉన్న మనిషి, జాన్సన్‌కు నాయకత్వం వహించే సామర్థ్యం లేదంటూ తానే బరిలోకి దిగారు. అభ్యర్థిత్వాన్ని ప్రకటిస్తారని మద్దతుదారులంతా వెస్ట్‌మినిస్టర్‌లోని సెయింట్ ఎర్మిన్స్ హోటల్‌లో కూర్చుని ఉంటే, జాన్సన్ కాబోయే ప్రధానికి ఉండవలసిన లక్షణాలన్నీ చెప్పుకుంటూ పోయి, ప్రసంగం చివర్లో ఆ వ్యక్తి తాను కాలేనని ముగించారు. కోటీ డెబ్బై నాలుగు లక్షల మంది ఓట్లు వేసిన పక్షానికి ముందు నిలిచిన నాయకుడికి, తన సొంత పార్టీ ఎంపీల మద్దతు లేకపోతే ఏ దారీ లేదని ఆ ఒక్క ఉదయం తేల్చేసింది. పార్లమెంటరీ వ్యవస్థలో ప్రధానిని నిర్ణయించేది సభలోని బలమే తప్ప ప్రజాభిప్రాయ సేకరణ కాదు.

జాన్సన్ కథ అక్కడితో ఆగలేదని మీకు తెలిసిందే. విదేశాంగ మంత్రి అయ్యారు, 2018 జులైలో మే ప్రణాళికను వ్యతిరేకిస్తూ రాజీనామా చేశారు, 2019 జులైలో ప్రధాని అయి, డిసెంబర్ ఎన్నికల్లో 365 స్థానాలు గెలిచారు. 2016లో దక్కని పీఠం మూడేళ్ల తర్వాత దక్కడానికి కారణం, ఆ మధ్యకాలంలో యూనియన్‌తో వైదొలగే ఒప్పందాన్ని పార్లమెంటులో గట్టెక్కించలేని నింద అంతా మే మీద పడడమేనని నా అభిప్రాయం. 2019 జనవరిలో ఆమె ఒప్పందం 230 ఓట్ల తేడాతో వీగిపోయింది. ప్రచారం చేసినవారు గెలుపును పంచుకున్నారు, దాని బరువును మాత్రం ఆమె ఒక్కరే మోశారు. ఇది న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

చిత్తూరు మిత్రుడు:

పై వివరణతో ఏకీభవిస్తూ ఫరాజ్ గురించి ఒక మాట చేర్చాలి. లక్ష్యం నెరవేరడమే ఆయన పార్టీకి గండమైంది. 2015లో 12.6 శాతం ఓట్లు తెచ్చుకున్న యూకిప్, 2017కు వచ్చేసరికి 2 శాతం కూడా దాటలేదు. దీనికి పూర్తిగా విరుద్ధంగా, 2014లో స్వాతంత్ర్య రెఫరెండం ఓడిపోయిన స్కాటిష్ నేషనల్ పార్టీ, మరుసటి ఏడాదే స్కాట్లండ్‌లోని 59 స్థానాల్లో 56 గెలిచింది. ఓడినవారి దగ్గర డిమాండ్ బతికి ఉంటుంది, గెలిచినవారి దగ్గర అది తీరిపోతుంది.

ఫరాజ్ తిరిగి నిలదొక్కుకున్నది కూడా, గెలిచినదాన్ని అమలు చేయకుండా ద్రోహం చేశారన్న కొత్త ఫిర్యాదుతోనే. 2019 యూరోపియన్ ఎన్నికల్లో నెలల వయసున్న ఆయన బ్రెగ్జిట్ పార్టీ 29 స్థానాలతో ముందు నిలిచింది. అదే పార్టీ రిఫార్మ్ యూకేగా మారింది. ఏడుసార్లు ఓడిన ఆయన 2024లో క్లాక్టన్ నుంచి ఎనిమిదో ప్రయత్నంలో దిగువ సభకు ఎన్నికయ్యారు.

రీడింగ్ తెలుగు:

ఇక్కడ బ్రిటన్‌లో ఉంటున్నవాడిగా కొంత చెబుతాను. కామన్‌వెల్త్ పౌరులకు ఓటు హక్కు ఉన్నందువల్ల 2016లో భారత పాస్‌పోర్టుతోనే నేను ఆ రెఫరెండంలో ఓటు వేశాను. నా పక్క సీట్లో పనిచేసే పోలండ్ సహోద్యోగి నాకంటే ముందు నుంచీ ఇక్కడ పన్ను కడుతున్నా, ఆయన భవిష్యత్తును తేల్చే ఆ ఓటు ఆయనకు లేదు. మరునాడు ఆయన ముఖం చూసి ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

ఐరోపా వలసలు తగ్గితే మన దేశాలవారికి వీసాలు సులువవుతాయని ప్రచారంలో కొందరు నాయకులు మనవాళ్లకు చెప్పేవారు. జాన్సన్ ప్రధాని అయ్యాక అది కొంతవరకు నిజమైంది. మే హోం మంత్రిగా ఉండగా 2012లో ఎత్తివేసిన, చదువు తర్వాత రెండేళ్ల వర్క్ వీసాను ఆయన ప్రభుత్వం తిరిగి తెచ్చింది. 2021 జులై నుంచి అమలైన ఆ వీసా మీద హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చిన పిల్లలు నాకు ఎంతోమంది తెలుసు. అయితే వలసలు తగ్గుతాయని నమ్మి ఓటు వేసినవారి కళ్ల ముందే 2023 నాటికి నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. ఆ కోపమే ఇప్పుడు ఫరాజ్‌కు పెట్టుబడి. శాశ్వత నివాసానికిచ్చే ఐఎల్ఆర్‌ను రద్దు చేస్తామని ఆయన 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన నాటి నుంచి, ఐదేళ్లు పూర్తికావస్తున్న మా కుటుంబాల్లో ఇదే చర్చ. ఒకరు మనకు అనుకూలంగా తెచ్చిన మార్పునే మరొకరు మనకు వ్యతిరేకంగా వాడుకుంటున్నారు, ఇద్దరూ ఒకే రెఫరెండం గెలుపులో భాగస్వాములే.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. అయితే ఫరాజ్ కూడా రేపు అధికారంలోకి వస్తే మే లాగే ఆ బరువు కింద కుంగిపోతారా, లేక ఫిర్యాదును అలాగే నిలుపుకోగలరా?

పాత సంపుటాలు:

దానికి తొలి పరీక్ష ఇప్పటికే మొదలైంది. 2025 మే స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ యూకే 677 స్థానాలు గెలిచి, కెంట్‌తో సహా 10 కౌన్సిళ్లను చేతిలోకి తీసుకుంది. వృద్ధుల సంరక్షణ, రోడ్ల మరమ్మతులు, కౌన్సిల్ పన్ను ఎంత పెంచాలన్న నిర్ణయం, ఇవన్నీ ఇప్పుడు వారి బాధ్యతలే. లండన్‌లోని ప్రసంగాలకంటే మెయిడ్‌స్టోన్‌లో కెంట్ కౌన్సిల్ బడ్జెట్ సమావేశాలను గమనిస్తే మీ ప్రశ్నకు జవాబు ముందుగా తెలుస్తుంది.