‘మాలపల్లి’ చదివించే ముందు పిల్లలకు ఎంత చరిత్ర చెప్పాలి?

కందిచేను (ప్రశ్న)

అందరికీ నమస్తే. కరీంనగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీల తెలుగు చెప్త. సిలబస్‌తోని సంబంధం లేకుంట శనివారం మధ్యాహ్నం పిల్లలతోని కూసొని ఒక పుస్తకం చదువుతున్నం. పద్నాలుగు మంది వస్తరు, వాన పడితే తొమ్మిది మంది. ఈ ఏడు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ పట్టుకున్నం.

పుస్తకం 1922 నాటిది. రామదాసు అనే మాలాయన కుటుంబం కథ, గుంటూరు దిక్కు పల్లెల నడుస్తది. ఆ పల్లె మద్రాసు ప్రెసిడెన్సీల ఉండె. మా పిల్లల ముత్తాతలు అప్పుడు నైజాం రాజ్యంల ఉన్నరు. ఈ సంగతే సగం మందికి తెల్వదు. అందుకని ముందుగాల చరిత్ర చెప్పి, ఆ తర్వాత పుస్తకం తెరుద్దామనుకున్న. నాలుగు రాత్రులు కూసొని నలభై రెండు స్లైడ్లు చేసిన. 1885ల కాంగ్రెస్ పుట్టుడు కాడికెల్లి సహాయ నిరాకరణ దాకా గంటంబావు చెప్పిన. ముగ్గురు నిద్రపోయిన్రు. ఒక పిలగాడు మాత్రం ప్రతి స్లైడుకూ ఫొటో తీసుకున్నడు, పరీక్షల వస్తదేమో అని.

తర్వాతి శనివారం నవల మొదలువెట్టినం. కొంచెం దూరం పోయినంక ఒకమ్మాయి అడిగింది: “మేడం, పాలేరు అంటే మన దిక్కు జీతగాడేనా?” ఇంకొకడు, “చౌదరయ్య అంటే దొరనా? మరి గడి ఏది?” అన్నడు. చౌదరయ్య నవలల భూమున్న ఆసామి. గడి అంటే మా దిక్కు దొరలుండే కోట లాంటి ఇల్లు. నా నలభై రెండు స్లైడ్లల్ల ఈ రెండిటికీ జవాబు లేదు.

ఇంకో తప్పు కూడ చేసిన. అంటరానోళ్ళని దూరం పెట్టిన కులాలకు అప్పుడు వాడిన ‘పంచములు’ అనే మాట వచ్చినప్పుడు వివరంగ చెప్దామని ఆగిన. నేను ఆగంగనే గదిల ఉన్నోళ్ళందరూ ఒక ముగ్గురి దిక్కు తిరిగి చూసిన్రు. ఆ ముగ్గురిల ఒకరు పోయిన వారం రాలే.

ఇట్లాంటి నవల చదివించినోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పండి. ముందుగాల ఏం చెప్పాలె? ఏది నవలకే వదిలిపెట్టాలె?

పాత పంతులు

అమ్మా, నేను తెనాలి వైపు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే మీ మొదటి పాఠం. అక్కడ మొదలుపెట్టండి, స్లైడ్లు పక్కన పెట్టేయండి.

పాలేరు, జీతగాడు చేసే పని ఇంచుమించు ఒకటే. వాళ్ళ చుట్టూ ఉన్న లోకం వేరు. మా డెల్టాలో 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవల్లో నీళ్ళొచ్చాయి, మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. మాది రైతువారీ. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది, శిస్తు నేరుగా సర్కారుకే కడతాడు. ఊళ్ళో కరణం, మునసబు ఉంటారు, గడి ఉండదు. కాబట్టి చౌదరయ్య మీ పిల్లలనుకునే దొర కాదు. నీళ్ళొచ్చాక, వరి పండాక, బలిసిన రైతు. మీ పిల్లలకు గడి తెలుసు, పటేలు పట్వారీ తెలుసు. ఆ తెలిసినదాని పక్కన దీన్ని పెట్టి ఏది కలుస్తుందో ఏది కలవదో వాళ్ళనే చెప్పమనండి. దీనికి పావుగంట చాలు.

ఇక అసలు సంగతి గింజలు. మా బళ్ళో నేనొక కుంచం దాచేవాణ్ణి. పిల్లల చేత దానితో బియ్యం కొలిపించేవాణ్ణి. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. (కొలతలు ఊరూరికీ కాస్త మారతాయి, మీ వైపు పెద్దల్ని అడగండి.) తర్వాత బోర్డు మీద ఒక లెక్క వేసేవాణ్ణి. కూలి రోజుకింత అని గింజల్లో ఇస్తున్నారు. యుద్ధం వచ్చి ధాన్యం ధర రెట్టింపయింది. గింజలు కొలిచిచ్చే ఆసామికి ఇప్పుడేమనిపిస్తుంది? “ఇకనుంచి పాత రేటున డబ్బులిస్తాను, పట్టుకుపో” అంటే కూలివాడు ఒప్పుకోవాలా? ఆ డబ్బుతో కొట్లో ఎన్ని గింజలు వస్తాయి?

క్లాసును రెండు జట్లు చేసి ఈ లెక్క ఇవ్వండి. మీరు నోరు మెదపక్కర్లేదు, వాళ్ళే సమ్మె కడతారు. అప్పుడు చెప్పండి, 1914లో మొదలైన యుద్ధం ధరల్ని ఎక్కడికి తీసుకుపోయిందో, 1918లో మద్రాసు రాజధానిలో ఎన్నో చోట్ల జనం సంతల్నీ ధాన్యం కొట్లనీ ఎందుకు లూటీ చేశారో. ఆ తర్వాత రామదాసు కొడుకు సంగదాసు కూలీలతో మాట్లాడే ఘట్టం చదివితే అది ఉపన్యాసంలా వినపడదు.

తొందరపాటు

ఒక నవలకి ఇంత అవసరమా? వికీపీడియా లింకు వాట్సాప్ గ్రూపులో పడేయండి, చదువుకుంటారు.

కందిచేను

పడేసిన సార్. పద్నాలుగు నీలి టిక్కులు వచ్చినయ్.

అటక మీది ఫైళ్ళు

నేను చరిత్ర చెప్తాను, అందుకని కాస్త కడుపుమంటతోనే రాస్తున్నా. స్లైడ్లు ఫెయిలైతే చరిత్రదా తప్పు? 1885 నుంచి మొదలుపెట్టినందుకు నిద్రపోయారు. ఈ నవలకి ముప్ఫై ఏడేళ్ళు అక్కర్లేదు, ఐదేళ్ళు చాలు. 1917 నుంచి 1922 దాకా.

పాత పంతులు గారి కుంచం నాకు నచ్చింది. కానీ కుంచంతోనే ఆగితే పిల్లలు దీన్ని కూలి రేట్ల కథ అనుకుంటారు. రచయిత ఎవరు? గుంటూరు వకీలు, డబ్లిన్ వెళ్ళి బారిస్టరై వచ్చినవాడు. సహాయ నిరాకరణలో జైలుకు వెళ్ళి అక్కడే ఈ నవల రాశాడు. ఆ జైలు గోడ బయట గుంటూరు జిల్లా ఎలా ఉందో ఊహించండి. చీరాల పేరాలలో మునిసిపాలిటీ పన్ను కట్టం అని జనం ఇళ్ళు ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పెదనందిపాడు వైపు శిస్తు కట్టడం ఆపేశారు. పల్నాట్లో అడవిలో పశువుల్ని మేపుకుంటే కట్టాల్సిన పుల్లరి కట్టం అన్నందుకు 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అదే ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగి గాంధీ ఉద్యమం ఆపేశారు. ఇదంతా ఏడాది, ఏడాదిన్నరలో. దీని వెనకాల 1917 నాటి రష్యా విప్లవం కబుర్లు వినపడుతూనే ఉన్నాయి.

ఇక్కడ పిల్లల ముందు పెట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. చీరాలలోనూ పెదనందిపాడులోనూ పల్నాడులోనూ పన్ను కట్టం అన్నది సర్కారుతో. సంగదాసు తగవు మాత్రం రైతుతో. సర్కారు మీద తిరగబడ్డ రైతే తన పొలంలో కూలి పెంచమంటే ఏమంటాడు? నవల ఈ ముడి దగ్గరే కూర్చుంది. జిల్లాలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఈ ముడి కనపడదు.

ఇంకో చిట్కా. నిషేధం గురించి ముందే చెప్పేయండి. అచ్చయిన కొద్ది కాలానికే మద్రాసు ప్రభుత్వం ఈ పుస్తకాన్ని నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేశాక వదిలింది. 1936లో మళ్ళీ నిషేధం పడింది, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక పోయింది. పిల్లలకు తలా ఒక పెన్సిలిచ్చి, “సర్కారు ఏ వాక్యానికి భయపడి ఉంటుందో అక్కడ గీత పెట్టండి” అనండి. నేను చేయించాను. ఒక్కొక్కరు ఒక్కో చోట గీశారు, ఎవరిది సరైనదో తేల్చుకోవడానికి గంట కొట్లాడుకున్నారు.

సెటిల్మెంటు ఘట్టం వచ్చే ముందు మాత్రం ఆగి చట్టం సంగతి చెప్పాలి. అది నవలకు వదిలేస్తే కుదరదు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసే చట్టం ఉత్తరాదిన 1871లో వచ్చింది, మద్రాసుకు 1911లో వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. అక్కడ హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా కదలకూడదు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 వచ్చింది. ఇది తెలియని పిల్లలు సెటిల్మెంటు అంటే హాస్టలు లాంటిది అనుకుంటారు. నా క్లాసులో అనుకున్నారు.

నల్లరేగడి

మేడం, ఆ రాని పిల్లాడి గురించి రాస్తున్నా. అమ్మాయో అబ్బాయో తెలియదు, ఎవరైనా అంతే.

మాది గుంటూరు జిల్లా, మేము మాలలం. ఇంటర్‌లో మా లెక్చరర్ ఈ నవల గురించి చెబుతూ నన్ను లేపి, “నువ్వు చెప్పరా, మీ పేటలో ఎలా ఉంటుంది?” అని అడిగాడు. ఆయన మంచివాడే, గౌరవంగానే అడిగానని అనుకున్నాడు. మా నాన్న పోస్టాఫీసులో పనిచేసేవాడు, మేమేమో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నేనేం చెప్పాలి? క్లాసంతా నా వైపే చూస్తుంటే “బాగానే ఉంటుంది సార్” అని కూర్చున్నా. తర్వాత చాలా ఏళ్ళు ఆ పుస్తకం ముట్టుకోలేదు.

కాబట్టి ఒకటి. మీ నేపథ్య పాఠంలో మావాళ్ళను దెబ్బలు తినే చోట మాత్రమే చూపించకండి. అప్పటికే మావాళ్ళు మాట్లాడుతున్నారు, సభలు పెడుతున్నారు. మీ హైదరాబాదు దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించాడు. పంచములు అనే మాట మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకున్నది అక్కడే. ‘పంచములు’ అనే మాటకు వివరణ మీరివ్వడం వేరు, ఆ మాట మాకొద్దని మేమే అన్న సభ గురించి చెప్పడం వేరు. రెండో పద్ధతిలో చెబితే ఎవరూ ఎవరి వైపూ జాలిగా తిరగరు. పైగా నైజాం నుంచి మనిషి వచ్చి బెజవాడలో అధ్యక్షుడయ్యాడంటే మీ పిల్లలకు ఆ సరిహద్దు సంగతీ అర్థమవుతుంది.

రెండు. గరిమెళ్ళ సత్యనారాయణ పాట ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ అందరూ పాడతారు. అదే రోజుల్లో దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాశాడు. రెండు పేర్లనూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకోండి. అటక మీది ఫైళ్ళు గారు చెప్పిన ముడి ఆ రెండు పేర్లలోనే ఉంది.

మూడోది నా సొంత గొడవ. రామదాసు మంచితనం నాకు ఇప్పటికీ కొంచెం విసుగే. ఇంత జరిగినా ఆ శాంతమేమిటి అనిపిస్తుంది. తిరగబడ్డ ఆయన కొడుకు వెంకటదాసు పక్కనే నిలబడాలనిపిస్తుంది. మాకోసం రాసిన పెద్దమనిషి మేమెలా ఉంటే బాగుంటుందనుకున్నాడో అది రామదాసులో కనపడుతుంది. పిల్లలు ఆ మాట అంటే, “అది గొప్ప నవల, అలా అనకూడదు” అని వాళ్ళ నోరు మూయకండి. ఇదంతా చెప్పి, ఆ నవల మూడుసార్లు చదివానని కూడా ఒప్పుకుంటున్నా. నవలలో ప్రేమికులు జ్యోతి, అప్పాదాసుల దగ్గర మూడుసార్లూ ఆగిపోయాను.

పాత పంతులు

నల్లరేగడి గారూ, నేను కూడా ఒకప్పుడు పిల్లల్ని అలా లేపి అడిగినవాణ్ణే. ఇద్దరు ముగ్గురి మొహాలు గుర్తొస్తున్నాయి.

కందిచేను

మూడు శనివారాలు అయినయ్. ఏం జరిగిందో చెప్త.

కుంచం దొరకలే. ఒక పిలగాడు వాళ్ళ నాయనమ్మ కాడికెల్లి ఇత్తడి మానిక తెచ్చిండు. దాంట్ల మొలలు పోసి పెట్టుకున్నరట, కడిగినా తుప్పు వాసన పోలే. దాంతోనే బియ్యం కొలిచినం. రెండు జట్లు చేసి లెక్క ఇచ్చిన. పంతులు గారు అన్నట్టే పది నిమిషాలల్ల కూలీల జట్టు పని బందు పెట్టింది. కానీ ఆసాముల జట్టుల ఉన్న ఒక రైతు కొడుకు తగ్గలే. “మా బాపు నాట్లకు మనుషులు దొరుకక తిప్పలు పడ్తున్నడు, కూలి ఇయ్యంగ ఆయనకేం మిగుల్తది?” అని గట్టిగనే అడిగిండు. ఎకరమున్న ఆసామి, ముప్పై ఎకరాలున్న ఆసామి ఒకటేనా అని ఇంకొకామె అన్నది. ఇది ఇంకా తెగలే. నేను కూడ తెంపలే.

రెండు పాటల పేర్లు బోర్డు మీద రాసి ఊకున్న. చాలాసేపు ఎవ్వరు మాట్లాడలే. తర్వాత భాగ్యరెడ్డివర్మ సంగతి చెప్పిన. రాని పిల్ల రెండో వారం వచ్చింది. ఎందుకు రాలేదని నేను అడగలే, ఆమె చెప్పలే. పెన్సిలు గీతలు మాత్రం అందరికంటె ఆమెనే ఎక్కువ పెట్టింది.

నలభై రెండు స్లైడ్లల్ల రెండు మిగిలినయ్. ఒకటి మ్యాపు, నైజాం ఎక్కడ, ప్రెసిడెన్సీ ఎక్కడ అని. ఇంకోటి ఆ ఐదేండ్లు.

నిన్న సెటిల్మెంటు చట్టం చెప్పినం. స్టూవర్టుపురం పేరు చెప్పంగనే వెనకాల బెంచి మీద పిలగాడు లేసిండు. “మేడం, తిరుపతి పోయేటప్పుడు రైల్లకెల్లి ఆ బోర్డు చూసిన. బాపట్ల దాటినంక వస్తది. అది ఇదేనా?” అన్నడు. ఇదే అన్న. “మరి బోర్డు మీద అది ఉత్త ఊరి పేరే కద మేడం” అన్నడు.

దానికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్న. ఈలోపల ఒక సాయం కావాలె. 1928ల తీసేసిన భాగాలు ఏవో పోల్చి చూపించే పాత ప్రతులు ఎవరి దగ్గరన్న ఉన్నయా? పెన్సిలు గీతలు పెట్టినోళ్ళు వాళ్ళ లెక్క సరిచూసుకుంటరట.