మానిపసుపు: మానులోంచి వచ్చిందా, మాన్పడంలోంచి వచ్చిందా?

సైనిక్‌పురి నుంచి ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నాది మొక్కల పిచ్చే అయినా ప్రశ్న మాత్రం మాట గురించే. కిందటి ఏడాది ఊటీ వెళ్లినప్పుడు ఒక ముళ్లపొద తెచ్చి తొట్టిలో పెట్టాను. ఏడాది పొడవునా ఆకు పచ్చగానే ఉంటుంది. ఆకు అంచులకు సన్నని పళ్లు, కణుపు కణుపుకూ మూడు కోరల ముల్లు. అమ్మినతను ‘బార్బెర్రీ’ అన్నాడు, అంతకు మించి చెప్పలేదు. మా అత్తగారికి ఆ పేరు నోరు తిరగక ‘బాబ్బాబు చెట్టు’ అంటున్నారు. గుమ్మం ముందు ముళ్లచెట్టు ఉండకూడదని దాన్ని పెరటివైపుకు కూడా పంపించేశారు.

మందుమొక్కలు తెలిసిన బంధువు ఒకాయన దీన్ని చూసి, తెలుగులో ‘మానిపసుపు’ అంటారని, గాయాలు మాన్పే పసుపు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కానీ పసుపుకొమ్ము ఎక్కడ, ఈ ముళ్లపొద ఎక్కడ? పేరు నిజమేనా? నిజమైతే ఆయన చెప్పిన అర్థం సరైనదేనా?

నల్లకుంట నుంచి జవాబు

అమ్మా, మీ బంధువు చెప్పిన పేరు సరైనదే. కారణం మాత్రం ఆయన కల్పన, లేదా ఆయనకు చెప్పినవారి కల్పన.

ఇక్కడున్నది చెట్టు అనే అర్థమిచ్చే ‘మాను’. పాత రూపం మ్రాను. కాలు కాలి అయినట్టు, వేలు వేలి అయినట్టు, ఊరు ఊరి అయినట్టు, మాను మరో మాటతో చేరేటప్పుడు ‘మాని’ అవుతుంది. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తిక రూపం అంటారు. కాలి గజ్జె ఎలాంటిదో మాని పసుపు అలాంటిది: మానుకు చెందిన పసుపు, చెట్టుపసుపు. మ్రానిపసుపు అని కూడా అంటారు. ‘ర’ వత్తు ఉన్న ఈ రూపం ముందు మాన్పడం వాదం నిలవదు. గాయం మానుతుందే గాని మ్రానదు కదా.

మీ బంధువు దారిలోనే వెళ్లి ‘మాను’ క్రియను పట్టుకున్నారనుకోండి. దానికి ‘మాని’ అనే రూపం ఉంది, కాని దానికి ‘మాన్పి’ అనే అర్థం రాదు, ఎక్కువగా వినబడే అర్థం ‘విడిచిపెట్టి’. తిండి మాని, నిద్ర మాని అంటాం చూడండి. ఆ లెక్కన మాని పసుపు అంటే పసుపు రాసుకోవడం మానేసిన ఇల్లాలి కథ అవుతుంది!

పొరుగు భాషలు చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. తమిళంలోనూ మలయాళంలోనూ మరమంజళ్, కన్నడంలో మరదరిశిన. మరం అంటే చెట్టు, మంజళ్, అరిశిన అంటే పసుపు. సంస్కృతంలో దారుహరిద్ర, హిందీలో దారుహల్దీ. దారు అంటే కొయ్య. దేవదారులో ఉన్నది ఆ దారువే. ఇన్ని భాషల్లోనూ కొయ్య, పసుపు అనే రెండు ముక్కలే ఉండగా తెలుగులో మాత్రం గాయం ఎక్కడి నుంచి వస్తుంది?

చెట్టు అనే అర్థంలో మాను ఇప్పుడు మన వాడుకలో కాస్త పలచబడింది. మాట పలచబడినప్పుడే ఇలాంటి వ్యుత్పత్తులు పుడతాయి. ‘ఆ మాట విని మ్రాన్పడిపోయాడు’ అని రాసేవారిలో, అది చెట్టులా కదలక నిలబడిపోవడమని తలచుకునేవారు ఎందరుంటారు?

తార్నాక నుంచి

మాస్టారు మాట సంగతి చెప్పారు. మొక్క సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఒక చిక్కు ఉంది.

ఉత్తరాదిన దారుహరిద్ర అంటే హిమాలయాల్లో పెరిగే బెర్బెరిస్, అంటే బార్బెర్రీ జాతి పొద. దక్షిణాదిన మరమంజళ్, మానిపసుపు పేర్లతో దొరికే చెక్క చాలావరకు వేరే మొక్కది. అది పడమటి కనుమల్లో, శ్రీలంకలో పెరిగే పెద్ద చేవతీగ. దానికి ముళ్లు లేవు. మన తిప్పతీగ కుటుంబానికి చెందినది. రెండింటి చెక్కా కోస్తే నిండు పసుపు రంగు, ఎందుకంటే రెండింటిలోనూ బెర్బెరిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. అసలు పసుపు రంగుకు కారణమైన కర్క్యుమిన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అంటే మానిపసుపు అనే పేరు మొక్కను చూసి పెట్టింది కాదు, చెక్కను చూసి పెట్టింది. అడవిలో మొక్కను చూడని వైద్యుడికి, కొట్లో చెక్కను చూసిన వైద్యుడికి రెండూ ఒకటే.

నీలగిరుల్లోనూ పళని కొండల్లోనూ సొంతంగా పెరిగే బెర్బెరిస్ ఒకటుంది. శాస్త్రీయ నామం బెర్బెరిస్ టింక్టోరియా. ఆ రెండో మాటకు అర్థం రంగు వేయడానికి పనికొచ్చేది అని. మీది అదే కావచ్చు, విదేశీ తోటరకమూ కావచ్చు. రెండూ బెర్బెరిస్సే కాబట్టి పరీక్ష ఒకటే: ఈసారి కత్తిరించిన కొమ్మ మీద గోటితో బెరడు గీకి చూడండి.

ఇంకో మాట. ఆ మూడు కోరల ముల్లు నిజానికి ఆకే. ఆకు ముల్లుగా మారింది, దాని పంగలోంచి అసలు ఆకుల గుత్తి వచ్చింది. కాగితప్పూల తీగకు ముల్లంటే మారిన కొమ్మ, గులాబీకి ముల్లంటే పైతోలు మీద మొలిచిన కొక్కెం. మన భాషకు మూడూ ముల్లే. గుచ్చుకున్నవాడికి తేడా ఏముంది!

మలక్‌పేట నుంచి

మా నాన్నగారు యునానీ మందులు వాడేవారు. చిన్నప్పుడు ఆయన చీటీ పట్టుకుని చార్మినార్ వైపు దుకాణాలకు వెళ్లేవాడిని. జరిష్క్ అంటే ఎండిన చిన్న పుల్లటి పండ్లు ఇచ్చేవారు. దార్‌హల్ద్ అంటే పసుపుపచ్చని చెక్క ముక్కలు. రసౌత్ అంటే ఆ చెక్కను కాచి చిక్కబరిచిన నల్లటి ముద్ద. మూడూ వేర్వేరు చెట్లవనుకున్నాను చాలా ఏళ్లు. అన్నీ ఈ జాతివేనని తర్వాత తెలిసింది. ఇరాన్‌లో జరిష్క్‌ను అన్నంలో వేసి వండుతారు. మన ఊళ్లో ఇరానీ చాయ్ స్థిరపడినంతగా ఆ అన్నం స్థిరపడలేదు, అదొక లోటే.

నల్లకుంట నుంచి మళ్లీ

మంచి సంగతి గుర్తు చేశారు. ఆ రసౌత్‌ను సంస్కృతంలో రసాంజనం అంటారు. పేరులోనే అంజనం ఉంది, కంటికి వాడేవారు. ఆయుర్వేదంలో పసుపునూ మానిపసుపునూ జంటగా చెప్పడం రివాజు: హరిద్రాద్వయం, నిశాద్వయం, రజనీద్వయం. పసుపుకు నిశ, రజని అని రాత్రి పేర్లు ఉండటం, ఆ పేర్లు పంచుకోవడానికి ఏ చుట్టరికమూ లేని ఒక కొయ్య వచ్చి చేరడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

కొమ్ముకూ పొదకూ పొంతన ఏమిటన్నారు కదమ్మా. మామిడి అల్లం చూడండి. అది మామిడీ కాదు, అల్లమూ కాదు, పసుపు జాతి దుంప. సీమచింత చింత కాదు. వాసన కలిస్తే, రంగు కలిస్తే, కాయ రూపు కలిస్తే మనవాళ్లు పేరు కలిపేశారు. ముక్కునూ కంటినీ నమ్మి పెట్టిన పేర్లు ఇవి.

అమీర్‌పేట నుంచి

రెండు మొక్కలకు ఒకే పేరు ఉంటే గందరగోళమే కదండీ. కొత్తగా ‘ముళ్లబెర్రీ’ అనో ‘కంటకఫలి’ అనో పెట్టుకుంటే పోలేదా?

నల్లకుంట నుంచి

రెండోది పలికేటప్పుడే గుచ్చుకుంటోందండీ. మొదటిదానిలో ఒక తమాషా ఉంది. బార్బెర్రీలోని ‘బెర్రీ’ మొదట బెర్రీ కాదు. మధ్యయుగపు లాటిన్‌లో అది బెర్బెరిస్. ఇంగ్లీషువారి చెవికి ఆ చివరి ముక్క తమ పండు మాటలా వినబడి బెర్రీ చేసేశారు. మన బంధువుగారు మానిని మాన్పుడుగా విన్నట్టే. కనుక ముళ్లబెర్రీ అంటే వాళ్ల పొరపాటును తెచ్చి మన పెరట్లో అంటు కట్టడమే. మొక్క తేడా చెప్పవలసి వస్తే ‘ముళ్ల మానిపసుపు’, ‘తీగ మానిపసుపు’ అంటే సరిపోతుంది.

సైనిక్‌పురి నుంచి

పేరు తేలింది, ధన్యవాదాలు. విషయం కాస్త పక్కకు పోతున్నందుకు క్షమించండి, మొక్క ఇక్కడ బతుకుతుందా? కిందటి ఏప్రిల్‌లో ఆకుల అంచులు మాడాయి.

అల్వాల్ నుంచి

బతుకుతుంది, కాని మురిపించదు. ఊటీ ఎత్తు 2,200 మీటర్ల పైమాట, మన ఊరు 500 మీటర్ల చిల్లర. మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటితే కొండమొక్కకు అది శిక్షే. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచండి. ఎర్రమట్టి, ఇసుక, ఆకుఎరువు కలిపి నీళ్లు నిలవకుండా చూడండి. వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఎండకంటే ముందు అదే చంపుతుంది. మార్చి నుంచి మొదట్లో ఎండుటాకులు పరిచి, పైన నీడవల కట్టండి. కత్తిరింపుకు భయపడదు, మందపాటి చేతితొడుగులు మాత్రం మరవకండి. గింజలు నాటాలని చూడకండి, చాలా రకాలకు కొన్ని వారాల చలి తగిలితే గాని మొలకెత్తవు.

కంచె కోసమే అయితే నా ఓటు వాక్కాయకు. అదీ ఏడాదంతా పచ్చగా ఉండే ముళ్లపొదే, మన ఎండకు జంకదు, పైగా పప్పులోకి కాయలిస్తుంది.

తార్నాక నుంచి

పూస్తే ఒక వేడుక చూడండి. పువ్వులో కేసరం మొదట్లో సన్నని పుల్లతో తాకితే అది చటుక్కున లోపలికి వంగుతుంది. తేనెటీగ మీద పుప్పొడి చల్లే ఏర్పాటు అది.

తెలుగులో మాత్రమే కుదిరే ఒక సంగతి కూడా. యూరప్‌లోని బార్బెర్రీ తుప్ప గోధుమకు తుప్పు తెగులు తెస్తుంది. ఆ శిలీంధ్రం జీవితంలో కొంత భాగం గోధుమ మీద, కొంత ఈ పొద మీద గడుస్తుందని 1865లో డి బరీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. 1918 నుంచి అమెరికాలో ఆ పొదలను పనిగట్టుకుని పీకించారు. తుప్పకూ తుప్పుకూ మధ్య ఇంత కథ ఉంది.

ఒక హెచ్చరిక: పసుపు అన్న పేరు చూసి ఎవరూ ఇంట్లో కషాయం కాచుకోకండి. గర్భిణులకు, పసిపిల్లలకు బెర్బెరిన్ అసలు పనికిరాదు.

సైనిక్‌పురి నుంచి

ఆదివారం కొమ్మ కత్తిరించి గీకాను. పసుపే! గోరు కడిగినా సాయంత్రం దాకా పోలేదు. మా అత్తగారికి చూపించి మానిపసుపు అన్నాను, మాను అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆవిడ బెరడు సంగతి పట్టించుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ముల్లును అటూ ఇటూ తిప్పి చూసి, “మూడు కోరలు. ఇది త్రిశూలం కదమ్మా” అన్నారు. మా గుమ్మం తూర్పు ముఖం, పొద్దుటి ఎండ చక్కగా పడుతుంది. తొట్టిని మళ్లీ అక్కడికి ఆవిడే చేరవేయించారు. ఇప్పుడు వచ్చినవాళ్లకు నేను మానిపసుపు అంటున్నాను, ఆవిడ త్రిశూలం చెట్టు అంటున్నారు. మాస్టారూ, వాళ్లు మాత్రం ఆవిడ చెప్పిన పేరే పట్టుకుపోతున్నారు.