నేపాల్ వెళ్లడానికి అమ్మ పాత ఓటరు కార్డు సరిపోతుందా?

నమస్కారమండీ. పశుపతినాథుణ్ణి చూడాలని అమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఈ కార్తీకంలో ఎలాగైనా తీసుకెళ్లాలని నా పట్టుదల. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటాలనుకుంటున్నాం.

1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం పుణ్యమా అని మనకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. 65 దాటినవాళ్లకైతే ఆధార్ చూపినా చాలు. అమ్మకు 63 ఏళ్లే. పాస్‌పోర్టు లేదు. ఉన్న ఓటరు కార్డు పాతది, లామినేషన్ ఊడి తడి చేరింది. ఫొటోలో నుదుటి బొట్టు తప్ప ముఖం ఆనవాలు తెలియట్లేదు. పైగా ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో మాత్రం అత్తింటిది.

ఈమధ్య సునౌలీ మీదుగా వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. ఇలాంటి కార్డు ఒప్పుకుంటారా? ఓటరు వివరాలు సరిచేయించే ఫారం 8 పెట్టి కొత్త కార్డు తీసుకుంటే ఎన్నాళ్లలో చేతికొస్తుంది? ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న ఓటరు కార్డు చూపిస్తే సరిపోతుందా?

మా అన్నయ్య కొడుకూ వస్తానంటున్నాడు, వాడికి 16 ఏళ్లు. ప్రిన్సిపల్ ఇచ్చే గుర్తింపు పత్రంలో ఏమేం రాయించాలి? అంత దూరం తీసుకెళ్లాక అమ్మను గేటు దగ్గర ఆపేస్తే తట్టుకోలేదు, అదే నా టెన్షన్.