బ్యాక్‌హో లోడర్: కారడం లేదు, కానీ బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది, పెడల్ మెత్తబడుతోంది

ప్రశ్న (దేవరకొండ బండి యజమాని):

అందరికీ నమస్కారం. నాకు ఒక బ్యాక్‌హో లోడర్ ఉంది. మా ఊళ్ళో ఏ కంపెనీ బండినైనా జేసీబీ అనే పిలుస్తారు కనుక ఆ పేరు పట్టుకుని కంపెనీని ఊహించవద్దని మనవి. రెండు నెలల క్రితం ఒక పని మీద డిండి, మన్ననూరు మీదుగా దోమలపెంట దాకా రోడ్డు మీదే నడిపించుకుని వెళ్ళాము. ఈ బండికి ఎడమ, కుడి వెనక చక్రాలకు వేర్వేరు బ్రేక్ పెడళ్ళు ఉంటాయి. తిరిగి వచ్చినప్పటి నుంచి ఎడమ వైపు బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడుతోంది. కుడి పెడల్ మామూలుగానే ఉంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం వారానికి రెండు వేళ్ళు తగ్గుతోంది, కానీ టైర్ల లోపలి వైపు గానీ, పైపుల దగ్గర గానీ ఎక్కడా తడి కనిపించడం లేదు. మెకానిక్ రెండుసార్లు బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీశాడు. తీసిన నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ అదే కథ. బయటికి కారని ఆయిల్ ఎక్కడికి పోతోందో, అసలు ఈ బ్రేకులు లోపల ఎలా పనిచేస్తాయో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (మిర్యాలగూడ, భారీ వాహనాల మెకానిక్):

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ద్రవాన్ని నొక్కినా అది దాదాపుగా కుంచించుకుపోదు, మూసి ఉన్న గొట్టంలో ఒక చోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. పాస్కల్ సూత్రమని బడిలో చదివినది ఇదే. సులువు కోసం ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క చూడండి. కాలితో 30 కిలోల బలం వేస్తే, పెడల్ కడ్డీ మీటలా పనిచేసి దానిని అయిదు రెట్లు చేసి, బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ మీద 150 కిలోలు మోపుతుంది. ఆ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లయితే ఆయిల్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోలు. అదే ఒత్తిడి ఇరుసులో 60 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ మీద పడితే అది ప్లేట్లను 3,000 కిలోల బలంతో అదుముతుంది.

అయితే ఈ బలం ఉచితంగా రాదు. ఆ పెద్ద పిస్టన్ అర మిల్లీమీటరు కదలాలంటే 3 సీసీ ఆయిల్ కావాలి, అంటే మాస్టర్ పిస్టన్ ఒక సెంటీమీటరు, మీ పాదం అయిదు సెంటీమీటర్లు కదలాలి. బ్రేక్ మొత్తం ఒక చెంచాడు కూడా లేని ఆయిల్ మీద నడుస్తోందన్నమాట! అందుకే పైపులో కొద్దిపాటి గాలి చేరినా, తొక్కిన తొక్కుడంతా ఆ గాలిని కుదించడానికే ఖర్చయి పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడటం గాలికి గుర్తు. అలా కాకుండా, పాదం కదపకుండా నొక్కి ఉంచినా పెడల్ నెమ్మదిగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్‌ను ఆపే రబ్బరు కప్పు వాషర్లు పోయాయని అర్థం. మీది మొదటి రకం. కానీ గాలి ఊరికే రాదు, డబ్బాలో మట్టం బాగా తగ్గినప్పుడో, ఎక్కడైనా సీలు దెబ్బతిన్నప్పుడో లోపలికి వస్తుంది. కనుక గాలి తీయడం రోగానికి మందు కాదు.

ఇక ఆయిల్ దారి. లారీల్లో ఉన్నట్టు మీ బండికి డ్రమ్ము, లైనర్లు ఉండవు. చాలా బ్యాక్‌హో లోడర్లలో బ్రేకులు వెనక ఇరుసు లోపలే, ఆయిల్‌లో మునిగి ఉండే ప్లేట్ల కట్టగా ఉంటాయి. ఒక ప్లేటు తిరిగేది, పక్కది తిరగనిది, ఇలా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. బురద, దుమ్ము లోపలికి చేరవు, వేడిని చుట్టూ ఉన్న ఆయిల్ లాక్కుంటుంది, కనుక ఏళ్ళ తరబడి మన్నుతాయి. చిక్కల్లా ఒకటే: బ్రేక్ ఆయిల్‌కూ ఇరుసు ఆయిల్‌కూ మధ్య అడ్డుగోడ పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు మాత్రమే. అది చిరిగితే బ్రేక్ ఆయిల్ బయటికి కారదు, తొక్కిన ప్రతిసారీ ఇరుసులోకే పోతుంది.

బండిని చదునైన చోట నిలిపి, చల్లారాక వెనక ఇరుసు లెవెల్ ప్లగ్గు విప్పండి. ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండటం మామూలు. విప్పగానే బుడబుడా బయటికి వస్తే మీ రెండు వేళ్ళ ఆయిల్ ఎక్కడికి పోయిందో తెలిసినట్టే. అది తేలేదాకా దయచేసి బండిని రోడ్డెక్కించవద్దు.

సమాధానం (అచ్చంపేట ఆపరేటర్):

పై మాటలన్నీ నిజమే, ఒక్కటి అదనం. డబ్బాలో ఏ ఆయిల్ పోస్తున్నారు? కొన్ని బండ్లకు మినరల్ నూనె (పెట్రోలియం నుంచి తీసేది), కొన్నింటికి డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోయాలి. రెంటి సీళ్ళ రబ్బరు వేరు, ఒకదానిలో మరొకటి పోస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బండి పుస్తకంలోనూ, చాలావరకు డబ్బా మూత మీదా ఏది పోయాలో రాసి ఉంటుంది. డాట్ రకానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. సగం వాడి మూలన పెట్టిన సీసాను నేను మళ్ళీ ముట్టను.

మీరు వెళ్ళిన మన్ననూరు, దోమలపెంట దారిలోని ఘాట్ విషయం కూడా అడగాలి. దిగుడులో బ్రేక్ మీదే కాలు ఉంచి వచ్చారా? ఆయిల్‌లో మునిగిన ప్లేట్లకైనా వేడికి హద్దు ఉంటుంది, సీలు గట్టిపడి పగిలేది అప్పుడే. బరువైన బండిని కింది గేరులో ఇంజన్ పట్టు మీద దించాలి, న్యూట్రల్ మాట తలవకూడదు. చేలో మలుపు కోసం విడివిడిగా తొక్కే రెండు పెడళ్ళను రోడ్డు మీద కొండీ వేసి కలపాలి. లేకపోతే ఒక చక్రమే పట్టి బండి పక్కకు లాగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ఈ రోజు ఉదయం ప్లగ్గు విప్పాము. కింద పెట్టిన అయిదు లీటర్ల డబ్బాలో పావు వంతు నిండింది. అప్పటికీ ధార ఆగకపోతే ప్లగ్గు బిగించేశాము. మూత మీది అక్షరాలు మట్టి తుడిచి చదివితే మినరల్ నూనె అని ఉంది, మేము ఏడాదిగా పోస్తున్నది లారీలకు వాడే డాట్ 3. ఘాట్‌లో మా ఆపరేటర్ బ్రేక్ మీదే వచ్చాడని కూడా ఇప్పుడే ఒప్పుకున్నాడు. ఎడమ వైపు సీలు ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

సమాధానం (మిర్యాలగూడ, భారీ వాహనాల మెకానిక్):

సరిపోదు. ఏడాది పాటు ఆ ఆయిల్‌లో నానిన ప్రతి రబ్బరూ అనుమానించదగ్గదే. రెండు వైపుల పిస్టన్ సీళ్ళు, రెండు మాస్టర్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోజులు మార్చి, ఇనుప పైపులు పూర్తిగా కడిగించండి. ఇరుసు ఆయిల్ మొత్తం దింపేసి, ఆయిల్‌లో మునిగే బ్రేకులకు పనికొచ్చే రకమే పోయండి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేక్ పట్టినప్పుడల్లా ఇరుసు గుర్రుమని అరుస్తుంది. విప్పినప్పుడు ప్లేట్ల మందం కొలిపించుకోండి, ఆ పని కోసం మళ్ళీ ఇరుసు విప్పే కూలి మిగులుతుంది.