చెన్నై నుంచి డల్లాస్: నా లెక్కకు పదమూడు గంటలే, అమ్మాయి రోజంతా అంటోంది

ప్రశ్న (చిత్తూరు, గిరింపేట)

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి సెప్టెంబరులో కాన్పు. ఆగస్టు 12న నేనొక్కదాన్నే బయలుదేరాలి. నాకు 61 ఏళ్లు. ఇంతవరకు దూరమంటే కాశీ. అదీ రైల్లో, మా ఆయనతో. ఇప్పుడు ఆయన లేరు.

టికెట్‌లో ఇలా ఉంది. చెన్నైలో తెల్లవారుజామున 3:45కి బయలుదేరి 6:30కి దుబాయ్. అక్కడ 9:30కి ఇంకో విమానం, సాయంత్రం 4:50కి డల్లాస్. అన్నీ 12వ తేదీయే. వేళ్ల మీద లెక్కపెడితే పదమూడు గంటలే వస్తోంది. అమ్మాయేమో "రోజంతా పడుతుందమ్మా" అంటోంది. నాకు షుగర్, రెండు పూటలా మాత్ర వేసుకోవాలి. ఎన్ని గంటలో తెలియకపోతే తిండి, మాత్రలు ఎలా సర్దుకోవాలి? నిండు నెలల పిల్లను పదేపదే అడిగి టెన్షన్ పెట్టలేను.

జవాబు (తిరుపతి, కొర్లగుంట)

అక్కా, మీ అమ్మాయి మాటే నిజం. టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డల్లాస్ ఆగస్టులో పదిన్నర గంటలు వెనక. మీకొచ్చిన 13 గంటల 5 నిమిషాలకు ఆ పదిన్నర కలపండి, 23 గంటల 35 నిమిషాలు. దుబాయ్‌కి నాలుగుంపావు గంటలు, అక్కడ మూడు గంటలు కూర్చోవాలి, ఆపైన 16 గంటల 20 నిమిషాలు ఏకబిగిన. మీరు దిగేసరికి చిత్తూరులో 13వ తేదీ తెల్లవారుజామున 3:20 అవుతుంది.

ఇంకో మాట, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. 12వ తేదీ 3:45 అంటే మీరు ఇల్లు వదలాల్సింది 11వ తేదీ రాత్రి. నేను మొదటిసారి అక్కడే పొరబడ్డాను. సామాన్లతో చెన్నై చేరితే గేటు దగ్గర సెక్యూరిటీ అతను టికెట్ చూసి "ఇది నిన్నటిది సార్" అన్నాడు. టికెట్ డబ్బు పోయింది, మా అబ్బాయి అక్కడ సెలవు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ రాత్రి ఇప్పటికీ మరవలేను. చిత్తూరు నుంచి మీనంబాకం (చెన్నై ఎయిర్‌పోర్ట్) 150 కిలోమీటర్లకు పైనే. మూడు గంటల ముందే అక్కడ ఉండాలి కాబట్టి 11న రాత్రి ఎనిమిదికల్లా కారెక్కండి.

జవాబు (సొంతూరు పుత్తూరు, ఉండేది డల్లాస్ దగ్గర)

ఆంటీ, మాత్రలు, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే పెట్టుకోండి. కింద వేసే పెట్టెలో వద్దు. చేతికి మన టైమ్ ఉన్న వాచీ ఉంచుకుని, ఏ మాత్ర ఎప్పుడో మీ డాక్టర్‌తో ముందే రాయించుకోండి. శాకాహారులైతే 'ఏషియన్ వెజిటేరియన్ మీల్' అని ముందే చెప్పించండి. 'హిందూ మీల్' అంటే మాంసం రావచ్చు, మా అమ్మకు అలాగే వచ్చింది, పదహారు గంటలు పండ్లతో గడిపింది. వీల్‌చైర్ కూడా అడగండి, మొహమాటపడొద్దు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కాళ్లు వాయవు.

ప్రశ్న అడిగినావిడ

దుబాయ్ మీదుగా అంటే చుట్టుదారి కాదా బాబూ?

జవాబు (కొర్లగుంట)

పెద్ద చుట్టేమీ కాదక్కా. గుండ్రటి గ్లోబు మీద చూస్తే డల్లాస్ మనకు దాదాపు అవతలి వైపు ఉంది. సూటిగా వెళ్లినా ఉత్తర ధ్రువం పక్కగా 15 వేల కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా దగ్గర దగ్గర 16 వేలు. సీటు ముందు తెరలో విమానం పైపైకి, మంచు దేశాల వైపు పోతున్నట్టు కనిపిస్తే కంగారుపడకండి. దారి అదే.

ప్రశ్న అడిగినావిడ

కారు డ్రైవర్‌కు 12వ తేదీ రాత్రికి రమ్మని చెప్పి ఉన్నాను. ఇప్పుడే ఫోన్ చేసి 11కి మార్చాను. క్యాలెండర్‌లో కూడా దిద్దుకున్నాను. మీ ఇద్దరూ చల్లగా ఉండాలి.