సాయుధ రక్షణ మనల్ని కాపాడుతుందా, పట్టిస్తుందా?

నల్గొండ వాసి:
సోమాలియా రాజధాని మొగదిషులో జనరేటర్ల నిర్వహణ ఉద్యోగం వచ్చింది. విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ప్రహరీ లోపలే బస అనీ, ఊళ్లోకి వెళ్లవలసి వస్తే బుల్లెట్‌ప్రూఫ్ వాహనంలో సాయుధులతో పంపుతామనీ సంస్థ చెబుతోంది. ఇలాంటి చోట్ల పనిచేసినవారు ఆ ఏర్పాటును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలరు.

వంశధార:
నేను కాబూల్‌లో సెల్ టవర్ల పని చేశాను. గార్డులతో తిరగడమంటే లోపల విలువైన మనిషి ఉన్నాడని దారిలో ప్రతివాడికీ చెప్పడమే. అక్కడ ఎటు చూసినా టయోటా కరోలాలే కనుక, పాత కరోలాలో వెనక సీట్లో స్థానిక దుస్తులతో కూర్చున్నవాడిని ఎవరూ పట్టించుకోరు. ఏంటెన్నాల తెల్ల ల్యాండ్ క్రూజర్‌ను మాత్రం దూరం నుంచే పోల్చుకుంటారు. ఎంఎస్‌ఎఫ్ (యుద్ధ ప్రాంతాల్లో వైద్యం చేసే స్వచ్ఛంద సంస్థ) వైద్యులు తమ ఆసుపత్రుల్లోకి ఆయుధాలనే రానివ్వరు.

పెన్నా తీరం:
వంశధార గారూ, వైద్యులతో పోలిక కుదరదు. వారు అన్ని పక్షాలవారికీ వైద్యం చేస్తారు కనుక తుపాకీ లేకుండా నిలబడగలరు; అయినా 2015 అక్టోబరులో అఫ్గానిస్థాన్ నగరం కుందుజ్‌లోని వారి ఆసుపత్రి అమెరికా వైమానిక దాడిలో ధ్వంసమైంది. సెల్ టవర్లనైతే, రాత్రిళ్లు సిగ్నల్ ఆపాలని 2008లో హెచ్చరించి మరీ తాలిబన్లు దెబ్బతీశారు. 2006 ఏప్రిల్‌లో జాబుల్ ప్రావిన్సులో అపహరణకు గురై హతుడైన హైదరాబాద్ ఇంజనీరు కూడా టెలికాం పనిమీద వెళ్లినవారే. ఆ కబురు విన్న మా ఇంట్లోవాళ్లు, గార్డులు లేకుండా కదలనని మాట తీసుకున్నాకే నన్ను పంపించారు.

కృష్ణవేణి:
రిమోట్ బాంబుల సిగ్నళ్లను అడ్డుకునే జామర్ ఉన్న బండికి ఏంటెన్నాలు తప్పవు.

వంశధార:
తప్పవనే నేనూ అంటున్నాను. 2008 జులై 7న కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారు బాంబు పేలి 58 మంది చనిపోయారు. ఐటీబీపీ (మన సరిహద్దు పోలీసు దళం) జవాన్ల కాపలా ఉన్న చోటే కదా అది!

పెన్నా తీరం:
గేటు దగ్గరే ఆగింది కనుక లోపలివారు చాలామంది బతికారు. అఫ్గానిస్థాన్‌లోని జరంజ్-డెలారం రోడ్డును మన సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్ఓ పూర్తి చేయగలిగింది కూడా ఐటీబీపీ కాపలా ఉండబట్టే. మీరు మాత్రం బండి దగ్గరే ఆగిపోతున్నారు.

వంశధార:
లోపలివారు! ఆ రోజు చనిపోయిన వారిలో అత్యధికులు వీసా కోసం వచ్చినవారు, దారిన పోతున్నవారు. వారు మీ లెక్కలో లేరు. మా సంస్థలో ఐరోపా పాస్‌పోర్టు ఉన్నవారికి బుల్లెట్‌ప్రూఫ్ బండి వచ్చేది, మాకు మామూలు వ్యాను. విమానం దిగి పార్కింగ్ దాకా అందరమూ కలిసే నడిచేవాళ్లం, అక్కడి నుంచి దారులు వేరు. ఎందుకని అడిగితే బడ్జెట్ అన్నారు. మా అఫ్గాన్ డ్రైవరుకైతే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కూడా ఇవ్వలేదు. ఎవరి ప్రాణానికి ఎంత ఖర్చు పెట్టాలో పాస్‌పోర్టు చూసి తేల్చే ఏర్పాటును రక్షణ అనడానికి నాకు నోరు రాదు.

పెన్నా తీరం:
అది అన్యాయమే. అయితే అందుకు అందరికీ బండి అడగాలి గానీ, ఎక్కినవాడిని దిగమనడం ఏమిటి? నేను దిగిపోతే మీ డ్రైవరుకు జాకెట్ వచ్చేదా?

వంశధార:
ఎక్కినవారిలో ఒక్కరైనా అతని కోసం అడిగి ఉంటే వచ్చేదేమో.

నల్గొండ వాసి:
అక్కడి డ్రైవర్లకు, గార్డులకు కూడా నాతో సమానమైన బీమా ఉంటుందా అని ఇప్పుడే సంస్థకు రాశాను.

పెన్నా తీరం:
జవాబు కాగితం మీద వచ్చేదాకా సంతకం చేయకండి. గార్డులు వద్దని మాత్రం ఎవరు చెప్పినా వినకండి.